పోస్టరు మీద ఎస్తేరు

తార్నాక,
12 జనవరి 1968

ఎస్తేరూ,

నీ కార్డు పోయిన శనివారం మధ్యాహ్నం చేతికందింది. అప్పుడు నేను లేడీస్ హాస్టలు వంటగది ముందు బియ్యం మూటలు దింపించుకుంటున్నాను. "ఇండియా జట్టులోకి తీసుకున్నారు" అన్న ముక్క చదవగానే ఎదురుగా ఉన్నవాడికి చెప్పేశాను. వాడు బియ్యం బండివాడు. హాకీ అంటే ఏమిటో వాడికి తెలియదు, అయినా "మంచిది వార్డెనమ్మా" అని మూట మీద కూర్చుని బీడీ ముట్టించాడు. తర్వాత కాపలా రాములమ్మకి చెప్పాను, వంట బిక్షపతికి చెప్పాను, సాయంత్రం ఇంటికొస్తూ బస్సు కండక్టరుకి చెప్పాను. ఆదివారం గుడిలో పాస్టరుగారు నీ పేరు ఎత్తి ప్రార్థన చేశారు. ఆయన హాకీ బదులు ఫుట్‌బాల్ అన్నారనుకో, దేవుడు సర్దుకుంటాడులే.

మీ అమ్మ పోయాక ఒంగోలు నుంచి నిన్ను నా దగ్గరికి తెచ్చుకున్న కొత్తలో, చింతకొమ్మ పట్టుకుని యూనివర్సిటీ రోడ్డు మీద గులకరాళ్ళు కొట్టుకుంటూ తిరిగేదానివి. ఆడపిల్ల బళ్ళో చదువుకోక ఈ గొడవేమిటని ఇరుగుపొరుగు నన్ను సాధించారు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా!

నువ్వు బి.ఏ.లో చేరినప్పుడు స్టిక్కు పట్టుకుని తీయించుకున్న ఫోటో ఉంది కదా, దాన్ని పెద్దది చేయించి హాస్టలు కామన్ రూములో పెట్టిస్తాను. స్టూడియో బుచ్చిబాబుకి చెప్పొచ్చాను. "మీరేం దిగులు పెట్టుకోకండమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. ఫోటోకి దిగులెందుకో నాకర్థం కాలేదు. మ్యాచ్ కమిటీ సెక్రటరీ శ్రీనివాసరావుగారు కూడా అదే ఫోటో బుచ్చిబాబు దగ్గర తీసుకుంటామన్నారు. ఇంగ్లండు వాళ్ళతో మూడో మ్యాచ్ మన సికింద్రాబాదులోనే కదా, "మన తార్నాక బిడ్డ" అని పోస్టర్లు వేయిస్తారట.

బొంబాయి నీళ్ళు కాచి తాగు. రాత్రిళ్ళు పెరుగు వద్దు.

నిన్ను చూసి మిడిసిపడుతున్న
నీ అత్త,
సువార్తమ్మ


బొంబాయి,
24 జనవరి 1968

అత్తా,

ఓడిపోయాం. ఆ మాట ముందు రాసేస్తే మిగతాది తేలిక. మూడు గోల్స్ వాళ్ళవి, ఒకటి మనది.

ఎలా ఓడామో కూడా చెబుతాను, దాచను. మొదటి గోలు నా తప్పు. బంతి నా స్టిక్కు కింద నుంచి పోయింది. రెండోది డోరీన్ పాసు తప్పడం వల్ల. మూడోది నేరుగా గోల్‌కీపరు మీదికే వచ్చింది, ఆ పిల్ల కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఎవరి తప్పు వాళ్ళకుంది. కానీ తిట్లు మాత్రం ముగ్గురికీ పంచలేదు. గోల్‌కీపరు పచ్చగా, చక్కగా ఉంటుంది. దాన్ని చూసి "పాపం" అన్నారు. నన్ను చూసి "హబ్షీ, హబ్షీ" అని, అంటే ఆఫ్రికాదాన్నని, వేరుశనగ తొక్కలు విసిరారు. డోరీన్‌ని "మీ దేశం వాళ్ళకి అమ్ముడుపోయావా" అన్నారు.

డోరీన్ నీకు తెలుసు. లాలాగూడ రైల్వే క్వార్టర్సులో గార్డుగారి అమ్మాయి. మనింటికొచ్చి గోంగూర పచ్చడి అడిగి మరీ సీసాలో పట్టుకెళ్ళిందే, ఆ పిల్ల. తాతల్లో ఎవరో ఇంగ్లీషువాడు కాబట్టి తెల్లగా ఉంటుంది, అంతే. ఇంగ్లండుని అట్లాసులో తప్ప చూడలేదు. మ్యాచ్ అయ్యాక గదిలో కూర్చుని, "ఎస్తేర్, నాది ఇంగ్లండ్ అంటున్నరు, నీది ఆఫ్రికా అంటున్నరు, మనిద్దరం రేపు ఏ బండెక్కాలె?" అంది. నవ్వబోయి ఏడ్చేశాం.

ఆలోచించి చూడత్తా. ఓడినప్పుడు తెల్లగా ఉన్నది ఇంగ్లండుది, నల్లగా ఉన్నది ఆఫ్రికాది. మిగతా తొమ్మిదిమందే ఇండియా. ఆఫ్రికాదాన్నంటే నాకేం చిన్నతనం లేదు. నిజాం కాలంలో వచ్చిన ఆఫ్రికా సిపాయిల బిడ్డలు మన ఏ.సి.గార్డ్స్ బస్తీలో లేరా, వాళ్ళు హైదరాబాదు వాళ్ళు కారా? ఆ మాట తిట్టు ఎలా అయింది? నువ్వు మాదానివి కాదు అన్నారు చూడు, అక్కడ మండింది నాకు.

నేను భయపడలేదు. పై మ్యాచ్‌లో ఇంకా ముందుకెళ్ళి ఆడతాను. హాస్టల్లో ఏమంటున్నారో రాయి. ఇంగ్లీషు పేపర్లో నా ఫోటో పడింది, చూసే ఉంటారు.

నీ
ఎస్తేరు


తార్నాక,
29 జనవరి 1968

ఎస్తేరూ,

బిక్షపతికి జ్వరం. రెండు పూటలా నేనే పొయ్యి దగ్గరుంటున్నాను, అందుకని పొడుగ్గా రాయలేను.

ఇక్కడ వాళ్ళు ఏమంటే నీకెందుకు? నోళ్ళున్నాయి, అంటారు. నీ ఫోటో కామన్ రూములోంచి తీయించేశాను. ఎందుకని అడక్కు, అది ఇన్‌లాండు కవరులో పట్టే సంగతి కాదు. శ్రీనివాసరావుగారు వచ్చి వెళ్ళారు. ఆయనకి చెప్పాల్సింది చెప్పి పంపాను.

వేళకి తిను. మద్రాసులో ఎండ జాగ్రత్త.

అత్త


మద్రాసు,
3 ఫిబ్రవరి 1968

అత్తా,

ఎండ జాగ్రత్తా? ఇంకా నల్లబడతాననా?

ఇలా రాసినందుకు కోపం తెచ్చుకో, ఫరవాలేదు. నాకు అంతకంటే ఎక్కువ ఉంది. నేను ఓడానని రాస్తే నువ్వు నా ఫోటో గోడ మీద నుంచి దింపేశావు. పేపర్లో నా ముఖం చూసి హాస్టలు పిల్లలు ఏదో అని ఉంటారు, నువ్వు తల ఎత్తుకోలేక దింపేశావు. అంతేనా?

ఇంకొకటి. నిన్న మా మేనేజరమ్మ నన్ను పిలిచి శ్రీనివాసరావుగారి ఉత్తరం చూపించింది. సికింద్రాబాదులో జనం గొడవ చేస్తారట, అమ్మాయి మనసు కష్టపెట్టుకుంటుందట, అందుకని ఆ ఒక్క మ్యాచ్‌కీ నాకు విశ్రాంతి ఇవ్వాలట. కింద ఏం రాశారో తెలుసా? "అమ్మాయి మేనత్తతో మాట్లాడాను. ఆమె కూడా సంతోషంగా ఒప్పుకున్నారు."

సంతోషంగా!

బొంబాయి వాళ్ళు తొక్కలు విసిరితే తుడుచుకున్నాను. వాళ్ళెవరో, నేనెవరో. మా ఊరి మైదానంలో, లాలాగూడ నుంచి మల్కాజ్‌గిరి నుంచి నన్నెరిగినవాళ్ళు వచ్చే మైదానంలో, నన్ను చీర మడత కింద దాచినట్టు దాచేస్తామంటే ఊరుకోను. ఆడితే సికింద్రాబాదులో ఆడతాను, లేకపోతే ఈ జట్టులోనే ఉండను. మేనేజరమ్మకీ అదే చెప్పాను. ఆమె రెండు రోజుల్లో చెబుతానంది. నువ్వేమన్నావో నిజం రాయి.

ఎస్తేరు


తార్నాక,
6 ఫిబ్రవరి 1968

ఎస్తేరూ,

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను రెండు తిట్టాను. తర్వాత తంతి ఆఫీసుకి వెళ్ళి మీ మేనేజరుకి తంతి ఇచ్చాను: "కుటుంబం ఒప్పుకోలేదు. కుటుంబం మ్యాచ్‌కి వస్తోంది." తంతి గుమాస్తా దీనర్థమేమిటమ్మా అన్నాడు. అందుకోవలసిన వాళ్ళకి అర్థమవుతుందిలే అన్నాను.

ఇప్పుడు మొదటినుంచీ విను.

బుచ్చిబాబు ఫోటో తెచ్చాడు. ఇంత పెద్దది, చుట్టూ బంగారు చట్రం. మేకు కొట్టించి పెట్టించాను. రాములమ్మ చీపురు పట్టుకుని కాసేపు చూసి, "గీ పిల్లెవరమ్మా? మన ఎస్తేరమ్మకు చుట్టమా?" అంది. దీనికి కళ్ళు పోయాయా అనుకుని దగ్గరికెళ్ళి చూశాను. స్టిక్కు నీదే, పరికిణీ నీదే. ముఖం మాత్రం పాలమీగడ. నిన్ను ఏడేళ్ళ పిల్లప్పటి నుంచి పెంచినదాన్ని, నాకే నువ్వెవరో తెలియలేదు! పట్టుకెళ్ళి బుచ్చిబాబు ముందు పడేశాను. "నెగటివు మీద పెన్సిలు పెట్టానమ్మా, ప్రింటులో తెల్లగా వస్తుంది. పెళ్ళిచూపుల ఫోటో అయినా, పోయినవాళ్ళ ఫోటో అయినా అందరికీ చేస్తాం. దానికి వేరే డబ్బు కూడా తీసుకోం" అన్నాడు. ఆపైన, "మీ చర్చి గ్రూపు ఫోటోలో మీకూ చేశాను కదా" అన్నాడు. నేను ఇన్నాళ్ళూ ఆ ఫోటో చూసుకుని, వయసు మీద పడుతున్నా రంగు తేలుతోందే అని మురిసిపోతున్నాను. నవ్వు, నవ్వు.

అందుకూ నీ ఫోటో దింపింది. నువ్వు ఓడినందుకు కాదు, నల్లగా ఉన్నందుకు అసలే కాదు. అక్కడున్నది నువ్వు కానందుకు.

అప్పటికే ఆ ముఖంతోనే పోస్టర్లు అచ్చయిపోయాయి. తార్నాక చౌరస్తా నుంచి ముషీరాబాదు దాకా గోడలన్నీ నువ్వే, అంటే నువ్వు కాని నువ్వే. ఈలోగా పేపర్లో నీ అసలు ముఖం పడింది. శ్రీనివాసరావుగారి కంగారు ఇదీ. నీ మనసు కష్టపడుతుందని కాదు, పోస్టరు చూసి టిక్కెట్లు కొన్నవాళ్ళు మోసం అంటారని. నా దగ్గరికొచ్చి, "మీకు ముద్దే అనుకోండి, కాకి పిల్ల కాకికి ముద్దు. జనం అలా చూడరు కదమ్మా" అన్నాడు. నా ఒళ్ళు ఎలా మండి ఉంటుందో చూసుకో. "అబ్బ, ఎంత దయగలవారండీ! ఒక్క మ్యాచ్ ఎందుకు, బియ్యం గోనెలో పెట్టి మూతి కట్టెయ్యండి, నాకెంతో సంతోషం" అన్నాను. ఆ మహానుభావుడు "సంతోషం" ఒక్కటీ ఏరుకుని మూట కట్టుకుపోయాడు. నా వెటకారం కొంప ముంచుతుందని మీ నాన్న చిన్నప్పట్నుంచీ అనేవాడు, ఇన్నాళ్ళకి నిజమైంది.

నిన్న హాస్టలు పిల్లల్ని వెంటేసుకుని ఆయన ఇంటికే వెళ్ళాను. ఈసారి వెటకారం లేకుండా మాట్లాడాను. "మా పిల్ల ఆట బాగాలేదని తీసేస్తే, నోరు మూసుకుని ఇంటికెళతాం. ముఖం బాగాలేదని తీసేస్తే, ఆ రోజు మైదానం గేటు ముందు నేనూ ఈ పిల్లలూ కూర్చుంటాం" అన్నాను. ఆయన భార్య లోపలి నుంచి వచ్చి, "పిల్లని ఆడనివ్వండి, మీకేం పోయింది" అంది.

నువ్వు జట్టులోంచి పోతానని మాత్రం అనకు. పోయేది నువ్వెందుకు?

ఎండలో ఎంతసేపైనా ఆడు.

అత్త


మద్రాసు,
9 ఫిబ్రవరి 1968

అత్తా,

నీ తంతి మేనేజరమ్మ జట్టందరికీ చదివి వినిపించింది. "కుటుంబం మ్యాచ్‌కి వస్తోంది" అన్నచోట డోరీన్ బల్ల గుద్దింది. ఇక్కడి మ్యాచ్ ఒకటి-ఒకటి, సమానం. సికింద్రాబాదులో నేను ఆడుతున్నాను.

నిన్ను అనుమానించాను, ఇంటికొచ్చాక రెండు దెబ్బలు వెయ్యి. మ్యాచ్ అయిన రాత్రే మాకు నాగపూరు బండి, అక్కడ శిబిరం ఉంది. నిన్ను చూడటానికి కూడా వీలు పడదేమో. గోంగూర మాత్రం స్టేషనుకి పంపించు.

ఎస్తేరు


తార్నాక,
18 ఫిబ్రవరి 1968

ఎస్తేరూ,

స్టేషన్లో జనం తోపులాటలో సీసా అందించానే గాని మాట అందించలేకపోయాను. నువ్వేదో చెప్పావు, ఇంజను కూసింది. అందుకని గ్యాలరీలో జరిగింది నేను రాస్తాను, కింద జరిగింది నువ్వు రాయి.

హాస్టలు పిల్లలూ నేనూ మధ్య బెంచీల్లో కూర్చున్నాం. వెనక యూనివర్సిటీ మగపిల్లలు. నా పక్కన రాజలింగం అని ఎం.ఏ. కుర్రాడు, భువనగిరి వైపు వ్యవసాయం వాళ్ళబ్బాయి, మంచివాడే. చేతిలో నీ పోస్టరు చుట్టగా చుట్టి పట్టుకున్నాడు. ఆట మొదలవగానే గ్యాలరీ అంతా "ఎస్తేర్! ఎస్తేర్!" అని లేచింది. నా గుండె పొంగిపోయింది. తీరా చూస్తే, బంతి డోరీన్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అరుస్తున్నారు! రాజలింగం నాతో, "చూసిన్రా మేడమ్, మన తార్నాక పిల్ల ఎంత మంచిగ ఆడుతున్నదో! గా నల్లామె ఎవరు? ఆఫ్రికాకెల్లి తెప్పిచ్చిన్రా ఏంది?" అన్నాడు.

"నాయనా, ఆ నల్లామే ఎస్తేరు. నా మేనకోడలు. నీ చేతిలో ఉన్నది పెన్సిలు గీతలు" అన్నాను.

వాడు పోస్టరు విప్పాడు, నిన్ను చూశాడు, నన్ను చూశాడు. నా ముఖంలో నీ పోలిక దొరికినట్టుంది. "తప్పైంది మేడమ్" అన్నాడు. అంతలో నువ్వు వాళ్ళ పొడుగుపిల్ల కాళ్ళ దగ్గర నుంచి బంతి లాగేశావు చూడు, అప్పుడు వెనక నుంచి "హబ్షీని తీసెయ్యండి" అని ఒక కేక. రాజలింగం లేచి వెనక్కి తిరిగి, "ఏయ్, నోరు మూయుర్రి! గామె మన తార్నాక పిల్లనే!" అని గట్టిగా అరిచాడు.

నేను వాణ్ణి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. "తార్నాక పిల్ల కాకపోతే అరవొచ్చా?" అన్నాను. వాడు ఆట అయ్యేదాకా ఏదో ఆలోచిస్తూనే ఉన్నాడు, మళ్ళీ లేచినప్పుడు మాత్రం "ఇండియా! ఇండియా!" అన్నాడు. హాస్టలు పిల్లలు అందుకున్నారు, లాలాగూడ రైల్వే వాళ్ళు అందుకున్నారు. అందరూ అందుకున్నారని చెప్పను. తొక్కలు విసిరినవాళ్ళు విసురుతూనే ఉన్నారు.

ఆఖర్న ఇంగ్లండు వాళ్ళకి దగ్గర్నుంచి కొట్టే షార్ట్ కార్నరు దొరికి ఆ గోలు పడినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఒక్క గోలు తేడాతో ఓడిపోవడం రెండు గోల్స్ తేడాతో ఓడిపోవడం కంటే బాధగా ఉంటుందని నిన్ననే తెలిసింది.

బహుమతుల దగ్గర ఏం జరిగింది? ముందువాళ్ళంతా లేచి నిలబడ్డారు. మైకులో ఎవరో ఏదో అన్నారు, నాకు సరిగ్గా వినపడలేదు, అంత గోల చేసే గ్యాలరీ నిశ్శబ్దమైపోయింది. తర్వాత నాకు కనపడిందల్లా నువ్వు పోస్టరుని ఏదో చెయ్యడం. ఏం చేశావే తల్లీ?

అత్త


నాగపూరు,
22 ఫిబ్రవరి 1968

అత్తా,

గోంగూర సీసా బండిలోనే సగమైంది. ఇంకో సగం డోరీన్ దాచుకుంది, నాకివ్వడం లేదు.

కింద జరిగింది ఇది. బల్ల మీద కప్పులూ, బల్లకి ముందు ఆ పోస్టరూ కట్టారు. ఓడినా, రెండు జట్లలో బాగా అడ్డుకున్నది నేనని ఇంగ్లండు కెప్టెనే చెప్పిందట, అందుకని ఒక చిన్న షీల్డు. మైకులో "కుమారి ఎస్తేరు, మన తార్నాక బిడ్డ" అన్నారు. ముఖ్య అతిథిగారు షీల్డు తీసుకుని నవ్వుతూ డోరీన్ ముందుకొచ్చి నిలబడ్డారు. పక్కనే నేనున్నాను, మోకాళ్ళ దాకా మట్టితో. డోరీన్ చేతులు వెనక్కి పెట్టేసుకుంది. "నేను గాదు సార్. ఎస్తేర్ గామె. నాది లాలాగూడ" అంది. మైకు అక్కడే ఉంది, ముందువాళ్ళందరికీ వినపడింది. తెల్లామె నోట్లోంచి లాలాగూడ తెలుగు వచ్చేసరికి జనం నోళ్ళు మూతపడ్డాయి. నువ్వు విన్న నిశ్శబ్దం అదే.

శ్రీనివాసరావుగారు నా చెవిలో, "తొందరగా తీసుకో అమ్మా, ఫోటో తీస్తారు" అన్నారు. నేను తీసుకోలేదు. బల్ల దగ్గరికెళ్ళి ఆ పోస్టరు తాళ్ళు విప్పి, వెనక్కి తిప్పి కట్టాను. తెల్లకాగితం ఇటు, ఆ ముఖం అటు. ఆ తర్వాత చెయ్యి చాచాను. ముఖ్య అతిథిగారు షీల్డు నా చేతిలో పెట్టారు, పాపం ఆయన తప్పేముంది.

ఎవరూ చప్పట్లు కొట్టకపోతే ఎలా అనుకున్నాను. ఎక్కడో ఒకచోట మొదలైంది. నీ గాజుల చప్పుడు నాకు తెలియదా? అయినా ఒకటి చెబుతున్నా విను. అందరూ కొట్టినా, ఎవరూ కొట్టకపోయినా, నేను పోస్టరు తిప్పేదాన్నే.

నువ్వు రాజలింగంతో అన్న మాట నాలుగుసార్లు చదివాను. నిజమే, నన్ను వెనకేసుకు రావాలంటే తార్నాకదాన్నని రుజువు చూపించాలా? ఇండియా చొక్కా వేసుకుంటే చాలదా?

అందుకని నా ఫోటో మళ్ళీ గోడకి పెట్టకు. ఆ రోజు ఓడాక జట్టంతా కలిసి తీయించుకున్నది ఉంది, బుచ్చిబాబే తీశాడు. మట్టి, చెమట, ఏడుపు ముఖాలు అన్నీ ఉంటాయి. అది పెట్టించు. పేర్లు రాయించకు. ఎస్తేరు ఎవరని ఎవరైనా అడిగితే చెప్పకు, వెతుక్కోమను.

నీ
ఎస్తేరు


తార్నాక,
1 మార్చి 1968

ఎస్తేరూ,

పెట్టించాను.

బుచ్చిబాబు చీకటిగదిలో ప్రింటు తీస్తుంటే బయట స్టూలు వేసుకుని కూర్చున్నాను. మధ్యలో తల బయటపెట్టి, "అమ్మా, పోనీ ఆ అమ్మాయిని తెల్లగా చెయ్యను, డోరీన్ గారిని కొంచెం నల్లగా చెయ్యనా? అందరూ ఒకలా ఉంటారు" అన్నాడు. వాడి మంచితనం వాడిది, ఏం చేస్తాం! "పెన్సిలు ఇటియ్యి" అన్నాను. ఇచ్చాడు. ఇప్పుడది మన ఇంట్లో ఉంది, పాల లెక్కలు దానితోనే రాస్తున్నాను.

రాములమ్మ ఫోటో చూసి, "ఇప్పుడు మన ఎస్తేరమ్మ లెక్కనే ఉన్నది" అంది. తర్వాత ఒక్కొక్కరినీ చూస్తూ, "గీ పిల్లలందరు గింత అలిసిపోయిన్రా పాపం" అంది. ఇన్ని రోజుల్లో జట్టంతటినీ కలిపి "పాపం" అన్న మనిషి అదొక్కతే.

ఇవాళ శ్రీనివాసరావుగారు హాస్టలుకి వచ్చారు. పై ఏడాది మ్యాచ్‌కి పిల్లల్ని ముందుగా పిలవడానికట. కామన్ రూములో ఆ ఫోటో ముందు నిలబడి చాలాసేపు చూశారు. ఎవరు ఎవరని అడగలేదు. "ఓడిపోయిన జట్టుని గోడకెందుకమ్మా పెట్టారు? గెలిచినప్పుడు పెట్టుకోవచ్చుగా" అన్నారు, నిజంగా అర్థంకాకే అడిగినట్టు.

"గెలిచినప్పుడు మీరందరూ పెట్టుకుంటారు కదండీ. ఓడినప్పుడు పెట్టుకోవడానికే మేముండాలి" అన్నాను.

ఈసారి ఇందులో వెటకారం లేదని ఆయనకి తెలిసినట్టే ఉంది. మేకు గట్టిగా కొట్టించాను, ఊడదు.

నీ
అత్త